అమ్మాయి టీచర్ కోర్సు కమ్యూనిటీ కాలేజీలో మొదలుపెడతానంటోంది, తర్వాత యూనివర్సిటీకి మారితే నష్టమా? (డాలస్)

వెన్నెలవాన
మేముండేది ఫ్రిస్కోలో. మా పెద్దమ్మాయికి ఈ మే నెలాఖరుతో హైస్కూల్ అయిపోతుంది. చిన్నప్పట్నుంచీ ఒకటే మాట, ఎలిమెంటరీ స్కూల్ టీచర్ అవుతానని. ఆదివారం తెలుగు బడిలో రెండేళ్లుగా చిన్నపిల్లల చేత అక్షరాలు దిద్దిస్తోంది, వాళ్లు దీన్ని వదలరు. రెండు యూనివర్సిటీల్లో సీటొచ్చింది. ఇప్పుడు తనేమో "అమ్మా, ఇంటి నుంచే వెళ్లొచ్చే కాలిన్ అనే రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో చేసి, తర్వాత డెంటన్‌లో యూఎన్‌టీకో (యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్), టెక్సాస్ ఉమెన్స్ యూనివర్సిటీకో మారతాను, హాస్టల్ ఖర్చు ఉండదు" అంటోంది. వాళ్ల నాన్న మూడ్రోజులుగా సరిగ్గా అన్నం తినట్లేదు. సీటొచ్చాక కూడా కమ్యూనిటీ కాలేజీ ఏంటి, నలుగురికీ ఏం చెప్పుకోవాలి అని. నాకు నలుగురి సంగతి పట్టదు. అక్కడ చేసిన కోర్సులకి వచ్చే క్రెడిట్లు లెక్కకి రాకుండా పోయి నాలుగేళ్ల చదువు ఐదేళ్లవుతుందేమోనని భయం. మాకు గ్రీన్‌కార్డు వచ్చి ఏడాదిన్నర అయింది. అబ్బాయి తొమ్మిదో తరగతి. ఈ దారిలో నడిచినవాళ్లుంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

చాక్‌పీస్
నేను నడిచాను. ఇప్పుడు రెండో తరగతికి చెప్తున్నాను. ముందు ఒక్కటి చూడండి, అమ్మాయి అక్కడ ఏ డిగ్రీ పేరు మీద చేరుతోంది? టెక్సాస్‌లో టీచర్ కావాలనుకునేవాళ్ల కోసమే "అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్ ఇన్ టీచింగ్" ఉంది, ఏఏటీ అంటాం. మొత్తం 60 క్రెడిట్లు. అందులో 42 రాష్ట్రం అందరికీ పెట్టిన కోర్: ఇంగ్లీషు, అమెరికా చరిత్ర రెండు, గవర్నమెంట్ రెండు, లెక్కలు, సైన్సు లాంటివి. చిన్న తరగతుల ట్రాక్‌లో మిగతా 18 ఇలా ఉంటాయి: ఎడ్యుకేషన్ 1301, 2301, టీచర్ల కోసం పెట్టిన లెక్కలు 1350, 1351, ఇంకో రెండు సైన్సులు. ఈ నంబర్లు రాష్ట్రమంతా ఒకటే, ఏ కాలేజీలో చేసినా అవే. కోర్ పూర్తి చేసి వెళ్తే పబ్లిక్ యూనివర్సిటీ దాన్ని మొత్తంగా తీసుకోవాల్సిందే, ఒక్కో సబ్జెక్టూ మళ్లీ బేరమాడటానికి లేదు. అడ్మిషన్ ఫారంలో జనరల్ స్టడీస్ అని టిక్కు పెట్టేసి రెండేళ్ల తర్వాత టీచింగ్ అన్నారనుకోండి, అప్పుడు పోతాయి క్రెడిట్లు.

రాజుగారితోట
నేను వద్దనే చెప్తాను. మా అబ్బాయికి యూనివర్సిటీ వాళ్లు మొదటేడు చేరినందుకే నాలుగేళ్ల స్కాలర్‌షిప్ ఇచ్చారు. అలాంటివి చాలామటుకు హైస్కూల్ నుంచి నేరుగా వచ్చేవాళ్లకే. రెండేళ్ల తర్వాత వెళ్తే ఆ తలుపు మూసేసి ఉంటుంది. ఇంకోటి, పద్దెనిమిదేళ్లప్పుడు ఇల్లు దాటి నలుగురితో కలిసి బతకడం నేర్చుకోవాలి. ఇరవయ్యేళ్లకి కొత్తగా వెళ్తే అప్పటికే అందరికీ జట్లు ఏర్పడిపోయుంటాయి. సీటు వదులుకోకండి.

మూడో_బెంచి
రాజుగారు చెప్పిన స్కాలర్‌షిప్ మాట వినాల్సిందే. వెన్నెల గారూ, లెటర్లలో ఎంతిచ్చారు?

వెన్నెలవాన
ఒకచోట ఏడాదికి రెండు వేల డాలర్లు. రెండోచోట ఏమీ లేదు. హాస్టలూ తిండీ అన్నీ కలిపి వాళ్లు వేసిన లెక్క ఏడాదికి ఇరవై ఏడు వేలు దాటింది.

మూడో_బెంచి
అయితే ఆ తలుపు ఇప్పుడు కూడా ఓరగానే తెరిచి ఉంది.

డెంటన్_రూటు
నేను ప్రస్తుతం డెంటన్‌లో మూడో ఏడు, లోకల్ కాలేజీ నుంచే వచ్చాను. చాక్‌పీస్ అక్క చెప్పింది కరెక్టు, దానికి ఇంకొంచెం కలుపుతున్నా. కమ్యూనిటీ కాలేజీ స్థాయి క్రెడిట్లు 66కి మించి తీసుకోవాలని యూనివర్సిటీకి రూలు లేదు. కాబట్టి ఏఏటీ అయ్యాక "ఇంకో రెండు కోర్సులు ఇక్కడే చవగ్గా చేసేద్దాం" అనుకుంటే అవి గాల్లో పోయే ప్రమాదం ఉంది. నేను డ్రామా, ఫొటోగ్రఫీ చేశా, రెండూ ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉన్నాయి, డిగ్రీలో మాత్రం ఎక్కడా పనికిరాలేదు. పైగా డిగ్రీకి అవసరమైనదానికంటే 30 క్రెడిట్లు ఎక్కువ తీసుకుంటే ఆపైన ఔటాఫ్ స్టేట్ ఫీజు వేసే వీలుంది. డ్రాప్ చేసినవి, ఫెయిలైనవి కూడా ఆ లెక్కలో పడొచ్చు. ఊరికే చేరి చూద్దాం అనుకునే అలవాటు వద్దని చెప్పండి.

జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు కూడా చూసుకోవాలి. టీచర్ ప్రిపరేషన్ ప్రోగ్రాంలోకి రావాలంటే రాష్ట్రం పెట్టిన కనీసం 2.5, యూనివర్సిటీలు అంతకన్నా ఎక్కువే అడగొచ్చు. యూనివర్సిటీలో సీటు రావడం వేరు, ఆ ప్రోగ్రాంలోకి రావడం వేరు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఈ తేడా తెలియక ఒక సెమిస్టర్ బయటే కూర్చుంది.

తెనాలిపిల్ల
నావి 13 క్రెడిట్లు పోయాయి. ఎలా పోయాయో చెప్తాను, ఇంకొకరికి జరగకూడదు.

నేనూ టెక్సాస్‌లోనే అసోసియేట్ పూర్తి చేశాను, 60కి 60. అంతలో మా ఆయనకి వేరే రాష్ట్రంలో ఉద్యోగం. అక్కడొక ప్రైవేటు యూనివర్సిటీలో చేరాను. టెక్సాస్ ఒప్పందాలు టెక్సాస్ పబ్లిక్ యూనివర్సిటీల మధ్యే నడుస్తాయని అప్పటికి నాకు తెలియదు. 47 తీసుకున్నారు. గవర్నమెంట్ రెండో కోర్సు టెక్సాస్ రాజ్యాంగం గురించి కదా, వాళ్లకి అక్కర్లేదు. ఎడ్యుకేషన్ కోర్సులు రెండింటినీ ఎలెక్టివ్ అని పక్కన పడేశారు. స్కూళ్లలో కూర్చుని గమనించిన గంటలు కూడా లెక్కకి రాలేదు. పాత సిలబస్ తెస్తే మళ్లీ చూస్తామన్నారు. నా దగ్గర లేదు. మూడేళ్ల కిందట పాఠం చెప్పిన ప్రొఫెసర్‌కి మొహమాటపడుతూ మెయిల్ రాస్తే గంటలో పంపింది ఆవిడ, ఏ వారం ఏం చదివామో సహా. దాంతో ఒక కోర్సు తిరిగొచ్చింది. ప్రతి కోర్సు సిలబస్ మొదటి రోజే డౌన్‌లోడ్ చేసి ఒక ఫోల్డర్‌లో దాచమనండి. చివరికి నాకు ఏడాది అదనంగా పట్టింది.

వెన్నెలవాన
తెనాలిపిల్ల గారూ, సరిగ్గా మా ఆయన చెప్పే భయం ఇదే. ఆయన ఉద్యోగం కూడా రేపెక్కడుంటుందో తెలియదు.

తెనాలిపిల్ల
అమ్మాయి టెక్సాస్‌లోనే ఉండిపోయి చదువుకోగలదు కదా, నాలాగా కాపురం కట్టుకుని వెళ్లక్కర్లేదు. నా కథ చూసి ఈ దారే చెడ్డదనుకోకండి. నేనెళ్లే చోటు ఏం అడుగుతుందో చూసుకోకుండా బయల్దేరాను, అదీ నా తప్పు.

ఎడిసన్‌బాబాయ్
మా న్యూజెర్సీలో 2007లో దీనికి చట్టమే చేశారు. రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీలో ఏఏ, ఏఎస్ అనే రెండేళ్ల డిగ్రీలు పూర్తి చేస్తే పబ్లిక్ యూనివర్సిటీలో నేరుగా మూడో ఏడు విద్యార్థిగా లెక్క. డిగ్రీ పూర్తి చేయకుండా మధ్యలో మారితే ఆ రక్షణ పూర్తిగా దొరకదు. మా తమ్ముడి కూతురు మూడు సెమిస్టర్లకే తొందరపడి మారి ఇబ్బంది పడింది. టెక్సాస్ సంగతి అక్కడివాళ్లే చెప్పాలి గానీ, "పూర్తి చేసి వెళ్లు" అన్నమాట ఎక్కడైనా పనికొస్తుంది. పరువు గురించి బెంగపడే నాన్నగారికి ఇంకో మాట చెప్పండి. ఇలినాయిలో జోలియట్ అనే ఊళ్లో 1901లో ఈ పద్ధతి మొదలైంది. యూనివర్సిటీ మొదటి రెండేళ్ల చదువు ఊళ్లోనే చెప్పడానికి పుట్టిన కాలేజీ అది. మీ అమ్మాయి చేస్తానంటున్నది దానికి నూటపాతికేళ్లుగా ఉన్న మొదటి పని.

కాలిఫోర్నియా_కరివేపాకు
ఇక్కడ లెక్క పూర్తిగా వేరు, మా వాళ్లెవరైనా చదువుతుంటే కలగాపులగం చేసుకోకండి. బ్యాచిలర్స్ అయ్యాక టీచింగ్ క్రెడెన్షియల్ చేయడం ఇక్కడ ఎక్కువమంది వెళ్లే దారి. కమ్యూనిటీ కాలేజీలో ట్రాన్స్‌ఫర్ డిగ్రీ చేస్తే కాల్ స్టేట్ అనే ప్రభుత్వ యూనివర్సిటీల వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు గ్యారంటీ. మనం కోరుకున్న క్యాంపస్‌లోనే ఇస్తారని కాదు.

గోదారోడు
రావులపాలెం దగ్గర ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని. అమెరికా సంగతులు నాకు తెలియవు గానీ ఇది చదువుతుంటే మా నాన్న గుర్తొచ్చారు. ఆయన ఇంటర్ అయ్యాక టీటీసీ చేశారు, చిన్న వయసులోనే బళ్లో చేరారు. ఉద్యోగం చేసుకుంటూ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ, ఆ తర్వాత బీఈడీ. పరీక్షలకి ముందు రాత్రి లాంతరు పెట్టుకుని చదువుతుంటే మా అమ్మ పక్కన కూర్చుని విసనకర్రతో దోమలు తోలేది. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. మా దగ్గర టీచర్లలో సగంమంది కథ ఇదే. చిన్న కాలేజీలో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పైకొచ్చినవాళ్లే. మీ ఆయన గారి బడిలో టీచర్లు ఎలా చదువుకున్నారో ఓసారి ఆయన్నే గుర్తు చేసుకోమనండి.

వెన్నెలవాన
గోదారోడు గారూ, ఇది ఆయనకి చదివి వినిపించాను. వాళ్ల అమ్మే టీచరు, ఆవిడదీ టీటీసీయే. ఏమీ అనలేదు, వెళ్లి మొక్కలకి నీళ్లు పెట్టొచ్చారు.

రాజుగారితోట
మొక్కలకి నీళ్లు పెట్టారంటే కరిగినట్టే. నా మాట మటుకు నేను మార్చుకోను. గోదారోడు గారి నాన్నగారికి వేరే దారి లేదు, ఈ అమ్మాయికి ఉంది. ఇంకా పెద్ద ప్రశ్న ఎవరూ అడగట్లేదు. టీచర్ జీతంతో ఇక్కడ బతకగలదా?

చాక్‌పీస్
డాలస్ చుట్టుపక్కల పెద్ద డిస్ట్రిక్టుల్లో మొదటేడు జీతం అరవై వేల డాలర్ల చుట్టుపక్కల ఉంది. కాంట్రాక్టు 187 రోజులు. టీచర్ల రిటైర్మెంట్ పెన్షన్ వేరు. సాఫ్ట్‌వేర్‌తో పోల్చను, పోలిస్తే తక్కువే, అబద్ధమెందుకు. అందుకే రాజుగారూ, నేను మీకు ఎదురు చెప్తున్నది. అరవై వేల జీతంలో అడుగుపెట్టే అమ్మాయి తల మీద లక్ష డాలర్ల అప్పు పెట్టకూడదు. నేను 2020లో డాలస్ కాలేజీలో చేరినప్పుడు క్రెడిట్‌కి 79 డాలర్లు, పుస్తకాలు కూడా అందులోనే. అరవై క్రెడిట్లకి 4740. (కౌంటీ లోపలివాళ్ల రేటు అది. ఇప్పుడెంతో కాలేజీలో కనుక్కోండి. మీ ఇల్లు ఏ కౌంటీలోకి వస్తుందో కూడా చూసుకోండి, ఫ్రిస్కో రెండు కౌంటీల్లో ఉంది, గీత దాటితే రేటు మారుతుంది.)

ఇంకోటి ఎవరూ ముందు చెప్పరు. ఆఖరి ఏడాది స్టూడెంట్ టీచింగ్‌లో రోజంతా స్కూల్లోనే ఉండాలి, చాలాచోట్ల పైసా ఇవ్వరు. పొద్దున ఏడుకి బయల్దేరి సాయంత్రం దాకా పిల్లలతో, రాత్రి లెసన్ ప్లాన్లు. పార్ట్‌టైం ఉద్యోగం చేసే ఓపిక ఉండదు. మొదటి రెండేళ్లు మిగిల్చిన డబ్బే నన్ను ఆ ఏడాది గట్టెక్కించింది. మా బ్యాచ్‌లో నేరుగా యూనివర్సిటీలో చేరినవాళ్లు ఇద్దరు సరిగ్గా అక్కడే చేతులెత్తేశారు, చదువు రాక కాదు, అద్దె కట్టలేక.

రాజుగారితోట
ఆఖరి ఏడాది సంగతి నాకు తెలియదు. అది ఒప్పుకుంటున్నాను.

డెంటన్_రూటు
ఫాఫ్సా, అదే ఫెడరల్ ఆర్థిక సాయం దరఖాస్తు, నింపారా? గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి అర్హత ఉంది. కమ్యూనిటీ కాలేజీకి కూడా వర్తిస్తుంది. టీచ్ గ్రాంట్ అని ఏడాదికి 4000 దాకా ఉంటుంది గానీ దాంతో జాగ్రత్త. చదువయ్యాక ఎనిమిదేళ్లలోపు నాలుగేళ్లు పేద పిల్లలెక్కువున్న బడిలో, కొరత ఉన్న సబ్జెక్టు చెప్పాలి. చెప్పకపోతే ఆ డబ్బంతా మొదటి రోజు నుంచి వడ్డీతో అప్పయిపోతుంది. నేను తీసుకోలేదు. బైలింగ్వల్, స్పెషల్ ఎడ్యుకేషన్ వైపు వెళ్లేవాళ్లకి మంచిది. రాజుగారు చెప్పిన స్కాలర్‌షిప్‌ల లోటు పూర్తిగా కాకపోయినా కొంత తీరే దారి ఒకటుంది. ఫై థీటా కప్పా అని రెండేళ్ల కాలేజీల ఆనర్ సొసైటీ. అందులో ఉంటే చాలా యూనివర్సిటీలు ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకి విడిగా ఇస్తాయి. నాకు వచ్చింది.

పొలమారింది
మధ్యలో దూరుతున్నా, నా పరిస్థితి కూడా కాస్త చెప్పండి. బీఎస్సీ బీఈడీ, విజయవాడలో ప్రైవేటు స్కూల్లో ఆరేళ్లు చెప్పాను. ఇక్కడ హెచ్4 (డిపెండెంట్ వీసా), ఈఏడీ (పని చేసుకునే అనుమతి) వచ్చింది. నేను కూడా కమ్యూనిటీ కాలేజీ నుంచి మొదలుపెట్టాలా?

చాక్‌పీస్
వద్దు వద్దు, మీరు మళ్లీ మొదటి మెట్టు ఎక్కక్కర్లేదు. ముందు మీ డిగ్రీని కోర్సుల వారీగా ఎవాల్యుయేషన్ చేయించండి. అమెరికా బ్యాచిలర్స్‌తో సమానమని వస్తే డిగ్రీ ఉన్నవాళ్లని టీచర్లుగా తయారుచేసే ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ ప్రోగ్రాంలో చేరి, పరీక్షలు రాసి, మొదటేడు జీతంతోనే ఇంటర్న్‌గా చెప్పొచ్చు. మూడేళ్ల బీఎస్సీని అన్ని సంస్థలూ ఒకేలా లెక్కగట్టవు, బీఈడీ మార్కుల మెమో కూడా కలిపి పంపండి. లోటు పడితే ఆ కొన్ని కోర్సులు మాత్రమే కాలేజీలో చేసుకోండి. అప్పటిదాకా సబ్‌స్టిట్యూట్‌గా వెళ్లండి, ఇక్కడి క్లాసు ఎలా ఉంటుందో తెలుస్తుంది.

ప్రయారిటీ_డేట్
మా అబ్బాయి హెచ్4, పదిహేడేళ్లు, హిస్టరీ టీచర్ అవుతానంటాడు. మా గ్రీన్‌కార్డు వాడికి ఇరవై ఒకటి నిండేలోపు వచ్చేలా లేదు. ఈ చర్చంతా చదివి రాత్రి నిద్రపట్టలేదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఉన్న దారి వాడికి ఉందా?

డెంటన్_రూటు
చదువు వరకు ఉందండీ. టెక్సాస్‌లో ఏడాదికి పైగా స్థిరంగా ఉంటే హెచ్4 పిల్లలకి ఇన్‌స్టేట్ ఫీజు వస్తుంది. ఫాఫ్సా మటుకు లేదు, కాబట్టి మీకు కమ్యూనిటీ కాలేజీ ఇంకా ఎక్కువ కలిసొస్తుంది. కష్టమంతా ఇరవై ఒకటి నిండాక. హెచ్4 ఇక ఉండదు, ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారాలి, అప్పుడు సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు, అందులో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే లెక్కకొస్తుంది. పైగా టీచింగ్ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, లెక్కలు) కిందకి రాదు కాబట్టి ఓపీటీ, అంటే చదువయ్యాక పని చేసే అనుమతి, ఒక్క ఏడాదే. హెచ్1బీ స్పాన్సర్ చేసే డిస్ట్రిక్టులు తక్కువ. నా ఫ్రెండ్ ఒకడు ఇలాగే, ఎంత బాగా చెప్తాడో, చివరికి డేటా వైపు వెళ్లిపోయాడు.

తెనాలిపిల్ల
వయసు లెక్కలో సీఎస్‌పీఏ అని ఒక రక్షణ ఉంది, పిటిషన్ పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేసి లెక్కిస్తారు. మీ తేదీలతో లాయర్ దగ్గర లెక్క కట్టించండి, ఫోరంలో మేం చెప్పే మాట మీద ఆధారపడకండి. అబ్బాయి ఇష్టాన్ని ఇప్పుడే చంపకండి.

ప్రయారిటీ_డేట్
అలాగేనండి. ఈ వారమే వెళ్తాం.

వెన్నెలవాన
నాదొక సందేహం. పాప ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఇంగ్లీషు పరీక్షలో 4 తెచ్చుకుంది. హైస్కూల్లోనే కాలేజీ కోర్సులు చేసే డ్యుయల్ క్రెడిట్‌లో అమెరికా చరిత్ర రెండు కోర్సులూ అయిపోయాయి. ఇవి రెండు చోట్లా పనికొస్తాయా?

డెంటన్_రూటు
చరిత్ర రెండూ కోర్‌లో నేరుగా కూర్చుంటాయి, ఆరు క్రెడిట్లు అయిపోయినట్టే. ఏపీలో 3 పైన వస్తే పబ్లిక్ కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి, ఏ కోర్సుకి ఇస్తాయన్నది చూసుకోవాలి. స్కోరు రెండు చోట్లకీ పంపించండి, కాలేజీకి ఒకసారి, మారేటప్పుడు యూనివర్సిటీకి ఇంకోసారి. కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉందిలే అని ఊరుకుంటే యూనివర్సిటీవాళ్లు ఒరిజినల్ స్కోరు అడుగుతారు.

లెక్కలక్క
కమ్యూనిటీ కాలేజీలో లెక్కల ట్యూటర్‌ని. 1350, 1351 గురించి ఒక మాట, ఎందుకంటే మన పిల్లలు "చిన్నపిల్లల లెక్కలేగా" అనుకుని వచ్చి దెబ్బ తింటారు.

నలభై రెండులోంచి పదిహేడు తీయాలి. మనకి ఊళ్లో ఏం చెప్పారు? రెండులోంచి ఏడు పోదు, పక్కింట్లో అప్పు తెచ్చుకో. ఇక్కడ చేతికి నాలుగు పదుల కడ్డీలూ, రెండు విడి గడులూ ఇస్తారు. ఒక కడ్డీని పది గడులకి మార్చుకుని, పన్నెండులోంచి ఏడు తీసి, మిగిలిన మూడు కడ్డీల్లోంచి ఒకటి తీసి చూపించాలి. అప్పు అనే మాట వాడనివ్వరు, తిరిగిచ్చేది లేదు కదా. ఆ తర్వాత అయిదు ఆధారంగా సంఖ్యలు రాయిస్తారు. అందులో మూడు నాలుగులు పన్నెండు అని రాయరు, రెండు రెండు అని రాస్తారు, అంటే రెండు అయిదులూ రెండు ఒకట్లూ. క్యాలిక్యులస్‌లో ఏ తెచ్చుకున్న అబ్బాయి ఒకడు నా ముందు అరగంట తల పట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "ఆరేళ్ల పిల్లాడికి పది దాటి లెక్కపెట్టడం ఇలాగే ఉంటుందేమో." ఆ కోర్సు పెట్టిందే అందుకు. దానికి ముందు కాలేజీ ఆల్జీబ్రా 1314 అయ్యుండాలి, మొదటి సెమిస్టర్‌లోనే పెట్టేయమనండి. లేకపోతే 1350, 1351 వెనక్కి జరిగి మొత్తం ఆలస్యమవుతుంది.

మూడో_బెంచి
మా అమ్మాయి మూడో తరగతి హోంవర్క్ నాకెందుకు అర్థం కాదో ఇవాళ తెలిసింది. థాంక్స్ అక్కా.

రాజుగారితోట
లెక్కలక్క గారూ, ఇలాంటి కోర్సు యూనివర్సిటీలో పెద్ద ప్రొఫెసర్ చెప్తే ఇంకా బాగుండదా?

లెక్కలక్క
నేను రెండు చోట్లా పనిచేశాను. మొదటేడు కోర్సుల్లో యూనివర్సిటీలో పెద్ద హాలు, పాఠాలు చాలావరకు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లు చూసుకునేవాళ్లు. ఇక్కడ మా క్లాసులో ఇరవై నాలుగు మంది, చెప్పేవాళ్లకి చెప్పడమే పని. మూడో ఏడు నుంచి యూనివర్సిటీదే పైచేయి, అందులో సందేహం లేదు.

చాక్‌పీస్
రాజుగారూ, యూఎన్‌టీ కూడా 1890లో డెంటన్‌లో టీచర్లని తయారుచేసే కాలేజీగానే పుట్టింది. ప్రెసిడెంటు లిండన్ జాన్సన్ చదివింది కూడా శాన్ మార్కోస్‌లో టీచర్స్ కాలేజీలోనే. చదువు మధ్యలో ఏడాది ఆపి, కొటుల్లా అనే ఊళ్లో పేద మెక్సికన్ అమెరికన్ పిల్లలకి పాఠాలు చెప్పి, ఆ జీతంతో వెనక్కొచ్చి డిగ్రీ పూర్తి చేశాడు. 1965లో ఉన్నత విద్య చట్టం మీద సంతకం పెట్టడానికి ఆ కాలేజీకే వెళ్లాడు. ఈ రోజు పిల్లలకొచ్చే ఫెడరల్ సాయానికి పునాది ఆ చట్టమే.

రాజుగారితోట
ఇది తెలియదు. మా ఇంట్లో చెప్తాను.

డెంటన్_రూటు
పరీక్షలు, సర్టిఫికేట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు గానీ స్కూల్ అబ్జర్వేషన్ మాత్రం మొదటేడే మొదలవుతుంది, అది చెప్పాలి. 1301లో 16 గంటలు, 2301లో 16 గంటలు నిజం క్లాసులో కూర్చోవాలి. నాకు ఇర్వింగ్‌లో ఒక కిండర్‌గార్టెన్ ఇచ్చారు. ఆగస్టు చివరి వారం. ఒక బుడ్డోడు గోడ పక్కన బ్యాగు తీయకుండా నిలబడి ఏడుస్తున్నాడు, టీచర్ ఏం చెప్పినా వినట్లేదు. పెదాలు కదుపుతుంటే దగ్గరికెళ్లి విన్నాను, "అమ్మ కావాలి" అంటున్నాడు. కింద కూర్చుని "అమ్మ సాయంత్రం వస్తుంది నాన్నా, ముందు అన్నం తింటారు, తర్వాత ఆడుకుంటారు, తర్వాత అమ్మ" అన్నాను. టక్కున ఏడుపాపి నా మొహంలోకి చూశాడు. ఆ బడిలో తెలుగు వినపడుతుందని వాడు అనుకోలేదు. బ్యాగు తీసి నా చేతికిచ్చాడు. అప్పటిదాకా నేను సైకాలజీకి మారదామా అని ఊగిసలాడుతున్నా. ఆ రోజు ఇంటికెళ్లి మేజర్ మార్చే ఫారం చించేశా.

నేరుగా యూనివర్సిటీలో చేరిన నా రూమ్మేట్‌కి మొదటి క్లాసు అనుభవం మూడో ఏడు దాకా దొరకలేదు. నచ్చకపోతే? అప్పటికి మారడం ఎంత కష్టం?

తెనాలిపిల్ల
ఇది చదివి కళ్లు చెమర్చాయి.

వెన్నెలవాన
నేనూ. ఇది మా పాపకి చూపించాను. అది మాట్లాడకుండా ఫోను వాళ్ల నాన్న చేతిలో పెట్టి పైకెళ్లిపోయింది.

రాజుగారితోట
ఏమన్నారు?

వెన్నెలవాన
మూడు వారాలైంది, ఇప్పుడు చెప్తున్నా. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు యూనివర్సిటీకి ఫోన్ చేసి సీటు రెండేళ్లు ఆపగలరా అని అడిగారు. ఈలోపు వేరే కాలేజీలో క్రెడిట్లు చేస్తే కుదరదు, ట్రాన్స్‌ఫర్ విద్యార్థిగా మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. దానికి ఒక రోజు డల్ అయ్యారు. తర్వాత ముగ్గురం కలిసి కాలేజీ అడ్వైజర్ దగ్గరికెళ్లాం. ఆవిడ ఏఏటీ ప్లాన్ ప్రింటు ఇచ్చింది. మేం యూనివర్సిటీ డిగ్రీ ప్లాన్ ప్రింటు తీసుకెళ్లాం. శనివారం రాత్రి డైనింగ్ టేబుల్ మీద రెండూ పక్కపక్కన పెట్టి, ఆయన హైలైటర్ పట్టుకుని ఒక్కో కోర్సూ గీశారు. ఒక సైన్సు దగ్గర తేడా వచ్చింది. కాలేజీ లిస్టులో నాలుగు రకాలు రాయొచ్చని ఉంది, యూనివర్సిటీ ప్లాన్‌లో వాటిలో రెండే ఉన్నాయి. మీరంతా చెప్పకపోతే ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టేవాళ్లమే కాదు. యూనివర్సిటీ ట్రాన్స్‌ఫర్ అడ్వైజర్‌కి కూడా పాప చేత మెయిల్ రాయించి, జవాబు ప్రింటు తీసి ఫైల్లో పెట్టారు.

కాలిన్‌లో చేరుతోంది. నలుగురికీ ఏం చెప్తారని అడిగాను. "టీచర్ ట్రైనింగ్‌లో చేరిందని చెప్తా, అమ్మలాగా" అన్నారు.

రాజుగారితోట
సంతోషం. స్కాలర్‌షిప్ విషయంలో నా మాట మీదే ఉన్నాను, మీ కేసులో అది వర్తించలేదంతే. మంచి స్కాలర్‌షిప్ చేతిలో ఉన్నవాళ్లెవరైనా ఇది చదివితే అది వదులుకోకండి.

చాక్‌పీస్
ఆ ముక్క నేనూ ఒప్పుకుంటా. వెన్నెల గారూ, దూరంలో ఉన్నా ఒకటి చెవిన వేసుకోండి. సర్టిఫికేట్ పరీక్షల్లో 2021 నుంచి సైన్స్ ఆఫ్ టీచింగ్ రీడింగ్ అని ఒకటి తప్పనిసరి అయింది, చిన్న తరగతులవాళ్లకి. ఒక్కో పరీక్షకీ మొత్తం అయిదుసార్లే అవకాశం. సరదాగా రాసి చూద్దామని ఎవరైనా అంటే విననివ్వకండి.

వెన్నెలవాన
ఆగస్టు అప్‌డేట్. మొదటి వారం అయింది. మొదటి సెమిస్టర్‌లో 1314, ఎడ్యుకేషన్ 1301, గవర్నమెంట్, బయాలజీ. అబ్జర్వేషన్ కోసం బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఫారం నింపి పంపింది, ఒకటో తరగతి ఇచ్చారు, వచ్చే మంగళవారం మొదటి రోజు. ఏ చెప్పులేసుకోవాలి అని నిన్నట్నుంచి అడుగుతోంది.

డెంటన్_రూటు
చప్పుడు చేయనివి. పిల్లలతో పాటు కార్పెట్ మీద కింద కూర్చోవాలి, ప్యాంటు వేసుకోమనండి.

చాక్‌పీస్
గంటల లాగ్ షీటు మీద క్లాస్ టీచర్ సంతకం ఆ రోజుకారోజు చేయించుకోమనండి. వారం తర్వాత అడిగితే ఆవిడకి గుర్తుండదు, పాపం ఆవిడ పనిలో ఆవిడ ఉంటుంది.

వెన్నెలవాన
రాసుకుంది. షీటు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బ్యాగులో వేసింది. మంగళవారం వాళ్ల నాన్నే దింపుతానన్నారు.